అరసున్నగాడు ఆడపిల్లయిన వైనం

అద్దాలాయన చూపు మీద ఆ వీధిలో ఎవరికీ అనుమానం లేదు. మనిషి షాపు మెట్టెక్కుతుండగానే, కళ్ళు చిట్లించిన తీరూ పేపరు పట్టుకున్న దూరమూ చూసి, "చదువుకోవడానికి ఒకటింబావు పవరు పడుతుందండీ మీకు" అనేవాడు. కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించి, ఒక్కో అద్దం మార్చి మార్చి చూస్తే చివరికి తేలేది కూడా ఆ ఒకటింబావే. అద్దం అంచు రాయి మీద అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, నువ్వుగింజలో సగముండే స్క్రూని ఊపిరి బిగబట్టి బిగించేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. అలాంటి మనిషి అరచేతిలో పట్టే పిల్లికూన ఆడో మగో పోల్చుకోలేకపోయాడంటే వీధి వీధంతా నవ్వదూ మరి!

కూన దొరికింది షాపు వెనకాల, ఖాళీ ఫ్రేముల అట్టపెట్టెల్లో. ముందు విన్నది పక్క షాపు జిరాక్సాయన. "అన్నయ్యా, నీ పెట్టెల్లో ఏదో కీచుమంటోంది. ఎలకైతే నువ్వు చూసుకో, పిల్లైతే నన్ను పిలు" అన్నాడు. పిల్లే. ఎర్రటి కూన, ఒక కన్ను పుసికట్టి అంటుకుపోయింది. తల్లి జాడ లేదు. రెండు రోజులు చూశారు, రాలేదు. అద్దాలాయన కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి ఆ కంటిని నెమ్మదిగా తుడిచాడు. కన్ను కాస్త విచ్చుకుంది. కూన ఆయన బొటనవేలు పట్టుకుని వదల్లేదు.

"మగదే" అన్నాడు జిరాక్సాయన, ఎవరూ అడక్కుండానే.

"నీకెలా తెలుసు?"

"ఎర్రపిల్లి కదన్నయ్యా. ఎర్రవన్నీ మగవే. మా పెద్దమ్మ ఇంట్లో ఏడుండేవి. ఏడుకి ఏడూ మొగాళ్ళే. ఇంట్లో ఒక్కటీ పని చేసేది కాదు, అందులోనే తెలిసిపోతోందిగా."

అద్దాలాయన ఒకరి మాట మీద ఆధారపడే మనిషి కాదు. స్క్రూలు చూసుకునే భూతద్దం కంటికి తగిలించుకుని, తోక ఎత్తి చూశాడు. రెండు చుక్కలు కనిపించాయి. "మగవాడే" అని ఖాయం చేశాడు.

ఆ మాట ఖాయంగా నిలబడడం తర్వాత ఆయనకి ఎందుకంత అవసరమైందో తెలియాలంటే ఆయన ఇల్లు చూడాలి. షాపుకి నాలుగిళ్ళవతల మేడమీద రెండు గదులు. ఒక గదిలో ఆయన, రెండో గదిలో ఆయన అత్తగారు. మధ్యలో ఉండాల్సిన మనిషి, ఆయన భార్య, అత్తగారి ఒక్కగానొక్క కూతురు, మూడేళ్ళ కిందట పోయింది. అత్తగారు తమ్ముడింటికి వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. అడిగితే ఎక్కడ వెళ్ళిపోతుందోనని భయం. ఆవిడ ఉన్నందుకు మనసులో రోజూ దణ్ణం పెట్టుకునేవాడు గానీ, పైకి ఆ ముక్క అనడానికి నోరొచ్చేది కాదు.

ఇంట్లో మాటలు ఎలా ఉండేవంటే, "భోజనం బల్ల మీద ఉంది" అని ఆవిడ గోడతో చెప్పేది. "షాపుకి వెళ్ళొస్తానండీ" అని ఈయన తలుపుతో చెప్పేవాడు. రోజుకి ఆ రెండు వాక్యాలు. ఆదివారం షాపు లేదు కాబట్టి ఒకటే.

ఆవిడ నలభై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పింది. మాట పొదుపు, మాట మీద పట్టు. ఈయన అట్టపెట్టెతో గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా నిలబడింది.

"ఏమిటది?"

"పిల్లికూనండీ. తల్లి లేదు."

ఆవిడ వంగి చూసింది. కూన ముక్కు మీద తెల్లటి మచ్చ, సగం గీసి వదిలేసిన సున్నలాగా ఉంది. కాసేపు దాన్నే చూసి, "మగదేనా?" అంది.

"మగదేనండీ. భూతద్దంతో చూశాను."

"మగదైతే ఉండొచ్చు. ఆడదైతే మాత్రం ఈ ఇంట్లో వద్దు. ఆ తర్వాత జరిగేవన్నీ నా వల్ల కాదు."

ఏడాదికి రెండు కాన్పులు, ఇంటినిండా కూనలు, దాని గురించే అంటోందనుకున్నాడాయన. "మాటిస్తున్నానండీ, మగదే" అన్నాడు. మూడేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన అతి పెద్ద సంభాషణ అదే.

మర్నాడు షాపు తెరవకుండానే పశువుల ఆసుపత్రికి బయల్దేరాడు. మొదటిసారి కదా, తెలియదు. అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పొడిచి, మూత మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళాడు. హాల్లో ఒక కుక్క దగ్గింది. అంతే, కూన మూత ఎగరేసుకుని, ఆయన భుజం మీంచి కిటికీ తెరమీదికి పాకి, పైన కర్రదాకా పోయి అక్కణ్ణించి అరవడం మొదలుపెట్టింది. అసిస్టెంటమ్మాయి కుర్చీ ఎక్కి, తెర పీకి, తెరతో సహా దాన్ని డాక్టరు గదిలోకి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. తొందర లేని మనిషి. ముందు తూకం వేసింది, ఐదువందల పది గ్రాములు. కన్ను చూసింది, పేలదువ్వెనతో దువ్వింది, నులిపురుగుల మందు పట్టింది. ఆవుపాలు పొయ్యొద్దంది, కూనల తిండి ఏది పెట్టాలో చెప్పింది.

"మగా ఆడా?" అని కార్డు రాస్తూ అడిగింది అసిస్టెంటమ్మాయి.

"మగ" అన్నాడు అద్దాలాయన, తడుముకోకుండా.

"మీరు చెప్పారు కాబట్టి అలాగే రాయిస్తున్నానండీ" అంది డాక్టరమ్మ. "ఐదువారాల కూనని చూసి నమ్మకంగా చెప్పడం కష్టం. ఇవాళ ఇప్పటికే బెదిరిపోయింది, ఇంక కదపను. టీకాకి వచ్చినప్పుడు చూస్తాను. ఈలోపు ఒక బుట్ట కొని, మూత తీసి, ఇంట్లో ఒక మూల పడేసి ఉంచండి. తిండి అందులోనే పెట్టండి. అది దాని గది అనుకోవాలి. ఆసుపత్రికి తీసుకొచ్చే రోజునే బుట్ట బయటికి తీశారో, మళ్ళీ మా తెరలు చిరుగుతాయి."

కంట్లో చుక్కలు రోజుకి మూడుసార్లు వెయ్యాలి. అది ఒక మనిషివల్ల అయ్యే పని కాదు. మొదటిరోజు ఆయన ఒక్కడే ప్రయత్నించి చేతినిండా గీరించుకున్నాడు. రెండోరోజు అత్తగారు ఒక తువ్వాలు పట్టుకొచ్చి, ఒక్క మాట అనకుండా కూనని తల ఒక్కటే బయటికి ఉండేలా చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చుక్క వేశాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చే అలవాటు ఆయనకి అప్పుడే మొదలైంది.

"ముక్కు మీద ఆ మచ్చ అరసున్నలా ఉంది" అంది ఆవిడ ఒకరోజు, కూనతోనే.

"అవునండీ. అయితే వీడు అరసున్నగాడు" అన్నాడాయన. "చూడండి, వాడు మీ వేలు నాకుతున్నాడు."

"పిల్లికి 'వాడు' ఏమిటి? అమహద్వాచకం. నాకుతోంది అనాలి."

అక్కడే వచ్చింది తమాషా. మన భాషలో మగవాడైతే వచ్చాడు. ఆడమనిషి వచ్చినా వచ్చింది, ఆవు వచ్చినా వచ్చింది, ఆఖరికి బస్సు వచ్చినా వచ్చింది. పిల్లిని మామూలుగా ఎవరైనా 'వచ్చింది' అనే అంటారు, మగదైనా సరే. అద్దాలాయన మాత్రం పట్టుబట్టి 'వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు' అనేవాడు. మాటిచ్చాడు కదా, ఆ మాట ఎక్కడా సడలకూడదని. వ్యాకరణం ఎంత గట్టిదైనా నాలుగు రోజులే నిలబడింది. ఐదోరోజు పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్కగదిలోంచి వినబడింది: "ఒరేయ్ అరసున్నగా, మంచం కింద ఏం చేస్తున్నావురా వెధవా? ఇలా రా!"

ఆయన గడ్డం తెగింది.

ఆ తర్వాత ఇల్లే మారిపోయింది. "మీ నాన్నకి చెప్పరా, భోజనం చల్లారిపోతోందని" అనేది ఆవిడ పిల్లితో. "అమ్మమ్మకి చెప్పరా, రెండు నిమిషాల్లో వస్తున్నానని" అనేవాడు ఈయన అదే పిల్లితో. "మీ నాన్న గొడుగు మర్చిపోయాడు, వర్షంలో తడిసి ముక్కు చీదుకుంటూ వస్తాడు, అప్పుడు చూద్దువుగాని." "అమ్మమ్మ మందు బిళ్ళ వేసుకుందో లేదో కనుక్కోరా." మధ్యలో కూన తన తోకని తాను పట్టుకోవాలని గుండ్రంగా తిరుగుతూ ఉండేది. తనమీదుగా రోజుకి ఎన్ని మాటలు దాటుతున్నాయో దానికేం తెలుసు! అద్దాలాయనకి మాత్రం తెలుసు. రాత్రి పడుకోబోయే ముందు ఆ మాటలన్నీ ఒకసారి తలుచుకునేవాడు. ఒక అరకిలో ప్రాణి ఇంత బరువు మోస్తోందే అనుకునేవాడు.

మూడువారాలకి టీకా. ఈసారి బుట్ట వారంనుంచీ ఇంట్లో తెరిచే ఉంది. అత్తగారు అందులో తన పాత శాలువా మడత పెట్టింది. అరసున్న దానంతటదే వెళ్ళి పడుకుంది, మూత వేసినా లేవలేదు. హాల్లో రెండు కుక్కలు దగ్గినా చలించలేదు.

డాక్టరమ్మ మెచ్చుకుంది. "చూశారా, బుట్ట మహిమ!" తూకం వేసింది, కన్ను చూసింది, తోక ఎత్తింది. నవ్వింది.

"అయ్యో, ఇది అమ్మాయండీ."

"కాదండీ" అన్నాడు అద్దాలాయన.

"అమ్మాయే."

"నేను భూతద్దంతో చూశానండీ. రెండు చుక్కలు."

"చుక్కలు ఎవరికైనా రెండేనండీ. విసర్గ గుర్తుందా మీకు? మగదైతే విసర్గలాగా, ఎడంగా రెండు సున్నలు. ఆడదైతే దగ్గరదగ్గరగా, పైన చుక్క, కింద చిన్న గీత. ఆశ్చర్యార్థకాన్ని తలకిందులు చేసినట్టు. ఐదువారాలప్పుడు ఆ గీత కూడా చుక్కలాగే ఉంటుంది, ఎవరైనా పొరబడతారు."

"ఎర్రవన్నీ మగవేనట కదండీ?"

"నూటికి ఎనభై మగవే. మిగతా ఇరవైలో ఒకటి మీకు దొరికింది."

అద్దాలాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "డాక్టరుగారూ, ఏమనుకోకండి. మీ అద్దాలు కొంచెం మసకబారాయి. ఒకసారి ఇలా ఇస్తారా?"

ఆవిడ తీసి ఇచ్చింది. ఆయన జేబులోంచి గుడ్డ తీసి, రెండువైపులా తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, తిరిగి ఇచ్చాడు. "ఇప్పుడు చూడండి."

డాక్టరమ్మ బుద్ధిగా పెట్టుకుని, మళ్ళీ తోక ఎత్తి, మళ్ళీ చూసింది. "చాలా థాంక్సండీ. ఇప్పుడు ఇంకా స్పష్టంగా అమ్మాయి."

అసిస్టెంటమ్మాయి కార్డు మీద 'మగ' కొట్టేసి 'ఆడ' అని రాసింది. నాలుగైదు నెలలప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలని డాక్టరమ్మ చెబుతోంది. ఆయన చెవికి ఏదీ ఎక్కలేదు. మెట్లు దిగుతూ, రోడ్డు దాటుతూ, ఒకటే జపం: వాడు వచ్చాడు, వాడు తిన్నాడు, వాడు పడుకున్నాడు.

ఇంట్లో అత్తగారు బుట్ట మూత తీసింది. "ఏరా, సూది పొడిచిందా డాక్టరమ్మ? ఏడ్చావా?"

"ఒక్కసారి అరిచింద... అరిచాడండీ" అన్నాడాయన.

ఆవిడ తలెత్తలేదు. సాయంత్రం మళ్ళీ, "మధ్యాహ్నంనుంచీ మత్తుగా పడుకునే ఉంది... ఉన్నాడు." మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ కార్డు ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తున్నవాడు పరధ్యానంగా, "ఇదెక్కడికి పోయింది?" అన్నాడు. ఈసారి దిద్దుకోవడం కూడా మర్చిపోయాడు.

పక్కగదిలోంచి వినబడింది. "మీ నాన్నకి చెప్పు. నలభై ఏళ్ళు తప్పులు దిద్దిన చెవి ఇది. నిన్నటినుంచీ మూడయ్యాయి. నిజం చెప్పమను."

చెప్పేశాడు. కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ కొట్టివేతని చూసింది, పక్కన రాసింది చూసింది, లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

రెండు వారాలకి పైగా అలాగే గడిచాయి. ఆవిడ పిల్లికి తిండి పెట్టడం మానలేదు. కానీ 'ఒరేయ్' లేదు, 'మీ నాన్న' లేదు. "అది తింది" అనేది, గోడతో. "అది బుట్టలో ఉంది." అద్దాలాయనకి ఆ 'అది' దగ్గరే ప్రాణం కొట్టుకునేది. తింది అంటే మనవరాలు తిందనా, వస్తువు తిందనా? ఇన్ని అక్షరాలున్న భాషలో ఆ రెంటికీ వేరే మాట లేకపోవడం ఏమిటి? ఆవిడ మొహం చూసి పోల్చుకుందామంటే మొహం ఇటు తిప్పేది కాదు.

ఇచ్చిన మాట ఇచ్చిన మాటే అనుకున్నాడు. ఆడదని తేలింది, వేరే ఇల్లు చూడమని జిరాక్సాయనతో చెప్పాడు.

"ఆడదా!" అన్నాడు జిరాక్సాయన. "ఊరందరికీ కళ్ళిచ్చేవాడివి, నీ ఇంట్లో పిల్లి తోక కింద ఏముందో కనబడలేదా అన్నయ్యా?"

"ఎర్రవన్నీ మగవేనన్నది నువ్వే కదయ్యా."

"నేను జిరాక్సువాణ్ణి. ఎవరు ఏది ఇస్తే అదే అచ్చు తీస్తాను. పెద్దమ్మ చెప్పింది, నేను చెప్పాను. చూడాల్సింది నువ్వు." ఆ మాట అని, ఆయన మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సరే, బేకరీ ఆవిడ పిల్లి కావాలంటోంది. మంచి మనిషి. ఆదివారం రమ్మంటాను. నువ్వు మాత్రం మొహం అలా పెట్టకు, పిల్లికి కూడా ఏడుపొస్తుంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర అద్దాలాయన పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. "ఆదివారం బేకరీ ఆవిడ వచ్చి తీసుకెళ్తానన్నారండీ. మంచి ఇల్లే."

ఆవిడ కంచం పక్కకి జరిపి, "రెండో టీకా ఎప్పుడు?" అంది.

"శనివారమండీ. అది వేయించే పంపుదామని."

"నేనూ వస్తాను."

శనివారం బుట్ట ఆవిడే పట్టుకుంది. డాక్టరమ్మ టీకా వేసింది. అయ్యాక, బుట్ట మీద చెయ్యి పెట్టుకుని, "ఆడదైతే ఆపరేషను చేయించాలిగా?" అంది డాక్టరమ్మతో.

"అవునండీ. మగవాటికీ చేస్తాం, అది చిన్నపని. ఆడవాటికి పొట్ట కోయాలి. అయినా రోజూ చేసేదే, అరగంట పడుతుంది."

"మత్తు ఇస్తారు."

"ఇస్తాం."

"తలుపు వేస్తారు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. ఏదో ఉందని ఆ పిల్లకి అర్థమైంది.

"నా కూతురికి కూడా చిన్న ఆపరేషనే అన్నారు" అంది అత్తగారు. ఆవిడ గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది. "తొమ్మిదింటికి తలుపు వేశారు. నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. ఒక్కళ్ళు బయటికి రాలేదు. ఒక్కళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పడానికి వచ్చేసరికి చెప్పడానికేం మిగల్లేదు. అందుకే మగదైతేనే ఉండనిమ్మన్నాను. ఇంకోసారి అలాంటి తలుపు ముందు నేను కూర్చోలేనమ్మా."

కాన్పులూ కూనలూ అనుకున్నాడు అద్దాలాయన ఇన్నాళ్ళూ. ఒక ఇంట్లో, ఒకే దుఃఖంలో, మూడేళ్ళు పక్కపక్క గదుల్లో ఉండి, ఈ చిన్న సంగతి తనకి కనబడలేదు.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ఏమీ కాదని పూచీ ఇవ్వలేనండీ. ఎవరూ ఇవ్వలేరు. ఒకటి మాత్రం నా చేతిలో ఉంది. నేనే చేస్తాను. లేచేదాకా పక్కనే ఉంటాను. ఐదు నిమిషాలకోసారి ఈ అమ్మాయి బయటికొచ్చి, లోపల ఏం జరుగుతోందో మీకు చెబుతుంది. మంచైనా చెబుతుంది, చెడైనా చెబుతుంది."

"ఐదు నిమిషాలకా?"

"కావాలంటే మూడు."

అత్తగారు అసిస్టెంటమ్మాయిని ఎగాదిగా చూసింది, పిల్ల పాఠం అప్పజెబుతుందా లేదా అన్నట్టు. "ఐదు చాలు" అంది.

బేకరీ ఆవిడకి జిరాక్సాయన కబురు చేశాడు. "అన్నయ్య పిల్లిని ఇవ్వట్లేదు, కావాలంటే అన్నయ్యని తీసుకెళ్ళండి అన్నాను. ఆవిడ ఆలోచించి చెబుతానంది" అన్నాడు తర్వాత.

ఇంట్లో పేరులోంచి 'గాడు' పోయి అరసున్న మిగిలింది. 'మీ నాన్నకి చెప్పవే' మొదలైంది. 'ఒసేయ్' కూడా వచ్చింది. అయినా ఆవిడ ఎక్కడో కొంచెం దూరంగా, ఆపరేషను గండం గడవని దాన్ని మరీ దగ్గరికి తీసుకోకూడదన్నట్టుగా ఉండేది. ఆయనా తొందరపెట్టలేదు.

ఐదో నెలలో ఆ రోజు వచ్చింది. తెల్లవారినప్పటినుంచీ తిండి పెట్టకూడదు. అరసున్న ఖాళీ గిన్నెని కాలితో నెట్టుకుంటూ ఇల్లంతా తిప్పింది. తొమ్మిదింటికల్లా బుట్ట లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఇన్ని నెలల్లో వాళ్ళిద్దరి మధ్యా పిల్లి లేకపోవడం అదే మొదలు. ఎవరితో చెప్పి ఎవరికి వినిపించాలి?

అసిస్టెంటమ్మాయి తలుపు తీసింది. "మత్తు ఇచ్చామండీ. నిద్రపోయింది." తలుపు మూసుకుంది.

అద్దాలాయన చేతులు ఊరికే ఉండలేక చొక్కా జేబులోని చిన్న స్క్రూడ్రైవరు తీసి తిప్పుతున్నాడు. అత్తగారు కాసేపు చూసింది. తన కళ్ళజోడు తీసింది.

"ఇవి వదులయ్యాయి. ముక్కు మీద నిలవట్లేదు. చూస్తారా?"

గోడతో కాదు. ఆయనతోనే.

ఆయన కళ్ళజోడు అందుకున్నాడు. రెండు కమ్మీల స్క్రూలూ వదులే, ముక్కుదగ్గరి మెత్తలు అరిగి పచ్చబడిపోయాయి. ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందో! "ముందే చెప్పకపోయారా అండీ" అన్నాడు.

"ఏమని చెప్పను? గోడకి చెబితే బిగిస్తుందా?"

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆవిడ కూడా పెదవి కొంచెం వంచింది.

"మొదలుపెట్టారండీ, బాగానే ఉంది" అంది అసిస్టెంటమ్మాయి, తల ఒక్కటే బయటికి పెట్టి.

ఆయన స్క్రూలు ఒక్కొక్కటే బిగించాడు. "అత్తయ్యగారూ" అన్నాడు, తలెత్తకుండా. "మీరు మీ తమ్ముడిగారింటికి వెళ్ళిపోకుండా ఉండిపోయారు. ఆ మాట... దానికి నేను ఎప్పుడూ..."

"ఎక్కడికి వెళ్తాను?" అంది ఆవిడ. "ఆ రోజు నాలుగు గంటలూ మీరు నా పక్కనించి లేవలేదు. నీళ్ళకి కూడా లేవలేదు. తర్వాత అందరూ మాట్లాడారు, మీరు ఒక్కరే మాట్లాడలేదు. నాకు అదే బాగుండింది. మీ ఎదురుగా ఏడిస్తే మీరూ ఏడుస్తారని గోడకేసి తిరిగేదాన్ని. అంతే."

"కోపమనుకున్నానండీ. మీకు నామీద."

"చూపు మీ వృత్తి కదా. ఇంకొంచెం బాగా చూస్తారనుకున్నాను."

"కుట్లు వేస్తున్నారండీ" అంది అసిస్టెంటమ్మాయి. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పట్టుకుంది. ఆయన కళ్ళజోడు తుడిచి ఇచ్చాడు. పెట్టుకుంది. తల అటూ ఇటూ ఊపి చూసింది, జారలేదు. "బాగుంది" అంది. ఇద్దరూ తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు.

ఈసారి తలుపు పూర్తిగా తెరుచుకుంది. డాక్టరమ్మే వచ్చింది, టోపీ తీస్తూ. "అయిపోయిందండీ. కళ్ళు తెరిచింది. నన్ను గీరబోయింది కూడా, కాబట్టి బాగానే ఉన్నట్టే."

అత్తగారు లేచి నిలబడింది. నలభై ఏళ్ళు పిల్లలకి మాటలు నేర్పిన మనిషి, ఆ చిన్నపిల్ల రెండు చేతులూ పట్టుకుని ఊరికే నిలబడిపోయింది. డాక్టరమ్మ కూడా చేతులు వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం ఇంటికి పంపించేముందు అసిస్టెంటమ్మాయి కాగితం రాసింది. కుట్లు నాకకుండా మెడకి ఏం కట్టాలో, ఏ మందు ఎప్పుడు వెయ్యాలో, పదిరోజుల తర్వాత ఎప్పుడు రావాలో. అరసున్న శాలువాలో ముడుచుకుని, సగం కన్నుతో అందర్నీ అసహ్యించుకుంటోంది.

"ఆఖరిదండీ" అంది అసిస్టెంటమ్మాయి. "చిన్నపిల్లలున్నా వేరే జంతువులున్నా కొంచెం దూరంగా ఉంచాలి. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

అద్దాలాయన 'ఇద్దరం' అనబోయాడు.

"ముగ్గురం" అంది అత్తగారు.

అసిస్టెంటమ్మాయి కలం ఆగింది. "మీరు, సారు, ఇంకొకరు ఎవరండీ?"

ఆవిడ బుట్టని రెండు చేతులతో ఎత్తి ఒళ్ళోకి తీసుకుంది. "ఇదిగో" అంది.

"అంటే ఇద్దరు మనుషులు, ఒక పిల్లి అని రాయనా?"

"ముగ్గురు అని రాయమ్మా" అంది ఆవిడ. "తప్పని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు."

ఆ అమ్మాయి రాసింది. అద్దాలాయన ముందు నడిచి, వాళ్ళిద్దరి కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.